ఫిడేలవ్వ ఇంట్లో నా శ్రుతి

నారాయణఖేడ్ వెళ్ళొచ్చానంటే మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకటే అడిగారు: "అక్కడ చూడ్డానికి ఏముంది?" నిజానికి నేను చూడ్డానికి వెళ్ళలేదు. ఒక మాట అడగడానికి వెళ్ళాను. ఫోనులో అడిగితే తేలే మాట కాదది.

నేను వయొలిన్ వాయిస్తాను, పక్కవాద్యంగా. విజయవాడలో ఒక గాయని ఎక్కడ పాడినా ఆమె పక్కన కూర్చునేది నేనే. పాప పుట్టేదాకా సంగతి ఇది. మా నిత్యకి ఇప్పుడు పది నెలలు. దానికి వయొలిన్ పడదు. కమాను తీగ మీద ఆనడం ఆలస్యం, గుక్కపట్టి ఏడుస్తుంది. పక్క గదిలో తలుపులేసుకుని వాయించాను. శబ్దం తగ్గించే బిళ్ళ పెట్టి వాయించాను. అది నిద్రపోయాక వాయించాను. ఎలా తెలుస్తుందో, లేచి మరీ ఏడుస్తుంది. చెవుల డాక్టరుకు చూపిస్తే, "చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, మీ వాయింపు సంగతి నాకు తెలీదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంతలో గాయని ఫోను. వచ్చే నెల హైదరాబాద్‌లో పెద్ద కచేరీ, రాగలవో లేదో ఈ వారంలో చెప్పు, లేదంటే వేరేవాళ్ళను చూసుకోవాలి అని. ఒకసారి వేరేవాళ్ళు కూర్చున్నాక ఆ చోటు మళ్ళీ దొరకడం కష్టం. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు అది విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకు నేర్పిన గిరిజమ్మగారు ముగ్గురు పిల్లల్ని పెంచుతూనే ఊరూరా కచేరీలు చేశారు. ఇప్పుడు సొంత ఊరైన నారాయణఖేడ్‌లో కొడుకు దగ్గరుంటున్నారు. ఆవిణ్ణి అడగాలి: ఇది సర్దుకునేదేనా, లేక వయొలిన్ అటక ఎక్కించేయనా అని. పాప పడుకున్నాక ఇదంతా రాత్రిళ్ళు ముక్కలు ముక్కలుగా రాశాను కాబట్టి ఎక్కడైనా అతుకు కనిపిస్తే మన్నించండి.

పైసలిచ్చినామె కిటికీ

హైదరాబాద్‌లో బస్సెక్కితే లోపల అందరూ ఆడవాళ్ళే. తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం, కాకపోతే ఆధార్ కార్డు ఇక్కడిదై ఉండాలి. నాది ఆంధ్రాది. కండక్టరమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "టికెట్ వడ్తదక్కా" అంది. బస్సు మొత్తానికి డబ్బులిచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ వెంటనే లేచి నిలబడింది.

"రా బిడ్డా, ఈడ కూసో. పైసలిచ్చినామెవు, గాలన్న పీల్చుకో. మేమంత పుక్కట్ల వోతున్నం."

బస్సంతా నవ్వింది. ఆమె పేరు ఎల్లమ్మ, కంగ్టి దగ్గరి పల్లె. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో బిల్డింగుల పనికి వెళ్ళారట, మనవణ్ణి చూసి వస్తోంది. నిత్యను నా చేతుల్లోంచి అడగకుండానే తీసుకుంది. మా వైపు ముందు "పాప పేరేంటండీ" అని మాట కలిపి, తర్వాతే చేతులు చాస్తారు. ఇక్కడ చేతులు ముందు వస్తాయి, పేరు సంగారెడ్డి దాటాక.

నిత్య ముందు సీటు ఇనుప కమ్మీని నాకబోయింది. నేను శానిటైజరు సీసా తీశాను.

"గదేంది, పోరికి సెంటు వూస్తున్నవా?"

"కాదమ్మా, చేతులు శుభ్రం చేసుకునేది."

"జర నాకు గూడ పొయ్యి."

ఆమె చేతులు వాసన చూసుకుని మెచ్చుకుంది. పక్కసీటామె చెయ్యి చాపింది, ఆ వెనకామె కూడా. జోగిపేట వచ్చేసరికి సీసా అయిపోయింది. నాలుగు రోజులకని పెట్టుకున్న సీసా. అప్పటికది పెద్ద ప్రమాదంలా అనిపించింది.

ఎల్లమ్మ చూపు నా కాళ్ళ దగ్గరున్న పెట్టె మీద పడింది. "గా డబ్బల ఏమున్నది? కుట్టుమిషినా?"

"ఫిడేలు."

"ఎవ్వలకు వాయిస్తవ్?"

"ఎవరైనా పాడితే వాళ్ళతోపాటు వాయిస్తాను."

"ఎవ్వలు పాడకుంటే?"

"వాయించను."

"గదేం పని!" అని ఆమె నిత్యతో చెప్పింది, నాతో కాదు.

నిజాంపేట దగ్గర బస్సు ఆగితే మక్కకంకులు కాల్చి అమ్ముతున్నారు. ఒక్కోటి ఇరవై రూపాయలు. ఉప్పూ కారం నిమ్మచెక్కతో పట్టించి ఇస్తారు. కారం లేని గింజొకటి ఎల్లమ్మ నిత్య నోట్లో మెత్తగా నలిపి పెట్టేసింది. నేను థర్మామీటరు తీసి పాప చంకలో పెట్టాను. జ్వరం లేదు. ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టాను. అప్పుడూ లేదు.

గారు లేని ఊరు

బస్టాండులో ఆటో అతనికి గిరిజమ్మగారి ఇల్లంటే తెలియలేదు. వయొలిన్ పెట్టె చూడగానే తెలిసిపోయింది. "ఫిడేలవ్వ ఇల్లా? పప్పుల దుకాణం వెన్క. ఎక్కు, జల్దీ ఎక్కు, వాన వస్తుంది" అన్నాడు. నారాయణఖేడ్‌లో ఎవరూ నన్ను 'మీరు' అనలేదు, ఎవరి పేరుకూ 'గారు' తగిలించలేదు. మొదటి పూట కొంచెం చివుక్కుమంది. రెండో పూటకి, ఎప్పుడో తెలిసిన వాళ్ళింటికి వచ్చినట్టుంది.

ముందు దుకాణం, వెనక ఇల్లు. ఇంటినిండా కందుల వాసన. గిరిజమ్మగారు గుమ్మంలోనే ఉన్నారు. నుదుట విభూతి, మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టు. ఒకప్పటి ఆవిడ పొడుగు జడ తెలిసినదాన్ని కాబట్టి ఉలిక్కిపడ్డాను.

"ఏంది గట్ల చూస్తున్నవ్? కుడి భుజం పట్టేసింది. చెయ్యి లేవదు, జడెట్ల అల్లుకోవాలె? కోసేసిన. నూనె ఖర్చు తప్పింది."

"మరి కమాను, టీచర్‌గారూ?"

"కమానూ లేవదు. అందుకే ఇప్పుడు పాడుతున్న. ఇన్నేండ్లు అందరి పాట ఇన్న, ఇప్పుడు నా పాట అందరు ఇనాలె." ఆవిడ నిత్యను చూసి కళ్ళు చికిలించారు. "గీమెనేనా, ఫిడేలంటే పరేషాన్ అయ్యేటామె?"

కోడలు మహానంద లోపల జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి ముద్దను అరచేతులతో తడుతూ తిప్పుతుంటే పళ్ళెమంత రొట్టె అయిపోతుంది. రొట్టెలోకి పుంటికూర పప్పు, పల్లీల పొడి. మా గోంగూరే ఇక్కడ పుంటికూర. మేము నూనెలో మగ్గించి, అన్నంలో ఉల్లిపాయ నంజుకుని తింటాం. వీళ్ళు పప్పులో ఉడికించి రొట్టెతో తింటారు. నేను అన్నం కోసం చూస్తున్నానని మహానందకు అర్థమైంది.

"అన్నం గూడ ఉంది అక్కా. గని ముందు రొట్టె తిను, అన్నం ఎటు వోదు."

మూడు రొట్టెలు తిన్నాను. అన్నం నిజంగానే ఎటూ పోలేదు, ముట్టుకుంటేగా.

అడగాల్సిన మాట అడిగేశాను. పాప ఏడుపు, గాయని ఫోను, అన్నీ చెప్పాను. ఆవిడ విని, "రేపు కల్హేర్ల అంగడుంది, పోదాం" అన్నారు. అంతే. ఇంత దూరం వచ్చింది కూరగాయలకా అనుకున్నాను.

కల్హేర్ అంగడి

ఆటోలో గిరిజమ్మగారు, మహానంద, నేను, నిత్య. రోడ్డుకిరువైపులా కందిచేలు మోకాలెత్తున ఉన్నాయి. వాన వెలిసి నల్లమట్టి టైర్లకు అంటుకుంటోంది. దారిపొడవునా ఆవిడ తన కథ చెబుతూనే ఉన్నారు. నాకు వయొలిన్ నేర్పిన ఆ రోజుల్లో ఇందులో ఒక్క ముక్కా చెప్పలేదు. అప్పుడు తప్పు స్వరం పడితే మోకాలి మీద కొట్టడమే తప్ప కబుర్లుండేవి కావు.

వాళ్ళ నాన్న ఆవిణ్ణి వెంటబెట్టుకుని కందులు అమ్మడానికి హైదరాబాద్ వెళ్ళి, సరుకు పోయేదాకా అక్కడే గది తీసుకుని ఉండేవాడట. ఎదురింట్లో ఒక ఫిడేలు మాస్టారు. చిన్నప్పటి గిరిజమ్మ ఆయన గుమ్మంలో కూర్చుని వినేది. రోజూ గడప తొక్కుతోందని విసుక్కుని, లోపలికి రమ్మన్నాడు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, మాస్టారి దగ్గర తిట్లు, మూడూ వచ్చేశాయంటారు ఆవిడ. మేనమామ కొడుకుతో పెళ్ళయ్యాక ఆయన, "నాకు కందులు తెలుస్తయి, రాగాలు తెల్వయి. నువ్వు వాయించుకో పో" అన్నాడట.

"అప్పట్ల ఒక పెద్దాయన ఉండె. ఆడిది పక్కన కూసుంటే పాడనన్నడు. సభవాళ్ళు బతిమిలాడి కూసోవెట్టిండ్రు. సగం కచేరి అయినా నాకు ఒంటిగ వాయించనీకి ఒక్క వంతియ్యలే. గాలిని చూసినట్టు చూసిండు నన్ను."

"మరేం చేశారు?"

"నేనేం జెయ్యలే. దగ్గు చేసింది." ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. "రాగం మంచిగ పైకి తీసుకవోయి ఆడ నిలవెట్టిండు, దగ్గొచ్చింది. దగ్గుతుండు, దగ్గుతుండు, నీళ్ళు తాగుతుండు, మళ్ళ దగ్గుతుండు. రాగం ఆడనే ఏలాడుతుంది. ఎట్ల ఇడిచిపెడ్త? అందుకున్న. మెల్లగ కిందికి దించి ఇంటికి తెచ్చిన. సభంత చప్పట్లు. ఆ తర్వాత ఆయననే మబ్బుల లేచి, ఇంక తెల్లారకముందే ఇంటికి మనిషిని పంపుతుండె, గిరిజమ్మ ఉందా అని."

పిల్లల్ని ఎలా చూసుకున్నారని అడిగితే మహానంద అందుకుంది. "మా ఆయన్ని మృదంగం పెట్టె మీద పండవెట్టేదంట అక్కా. ఇప్పటికీ చప్పుడుంటేనే నిద్రవోతడు. ఫ్యాన్ కిర్రుమంటే రిపేరు చేయనియ్యడు."

"ఒకసారి స్టేజీ ఎక్కి భుజం మీద గుడ్డ వేసుకున్న," అన్నారు గిరిజమ్మగారు. "ముంగట కూసున్నోళ్ళు ముసిముసి నవ్వుతుండ్రు. చూస్తే పిలగాని ఉచ్చగుడ్డ. ఉతికిందే లే."

అంగడిలో ఆకుకూరలు గుట్టలు గుట్టలుగా పోశారు. పుంటికూర కట్ట పది రూపాయలు. మా రైతుబజారులో ఆ డబ్బుకి ఇందులో సగం రాదు. బేరమాడకుండా డబ్బు తీయబోతే గిరిజమ్మగారు చెయ్యి పట్టుకున్నారు. "అడగకుంట ఇస్తే ఆమె ఏమనుకుంటది? ఆకుల పురుగుందేమో, అడగనన్న అడగలే అనుకుంటది." నేను ఎనిమిదికి ఇమ్మని అడిగాను. అమ్మే ఆమె ఇవ్వనంది. పదికే కొన్నాను. ఇద్దరికీ తృప్తిగా ఉంది.

ఎవరిది ఈ శ్రుతి

తిరిగొచ్చాక వాన పట్టుకుంది. నిత్య నిద్రకు మారాం చేస్తుంటే భుజాన వేసుకుని, రోజూలాగే మాటల్లేకుండా నీలాంబరి రాగం కూనిరాగంగా తీస్తూ నడుస్తున్నాను. పక్కగదిలో గిరిజమ్మగారి శ్రుతిపెట్టె మోగుతోంది. మీట తిప్పుతున్నట్టుంది, స్థాయి మారుతోంది, ఆగుతోంది, మళ్ళీ మారుతోంది. కాసేపటికి నా కూనిరాగం కింద సరిగ్గా అతుక్కుని నిలిచిపోయింది. నిత్య పడుకుంది.

అది లేవగానే ఆవిడ పిలిచారు. "ఫిడేలు తీ."

"ఏడుస్తుంది టీచర్‌గారూ."

"ఏడ్వనీ. మొదలు నాకు చెప్పు, శ్రుతి ఎంతల ఉంది?"

"ఐదున్నర."

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క ఎత్తులో హాయిగా నిలబడుతుంది. దాన్ని ఒకటి, రెండు, ఐదున్నర అంటూ లెక్క చెబుతారు, చెప్పుల సైజు లాగా. పక్కవాద్యం వాళ్ళు పాడేవాళ్ళ సైజులోకి తమ తీగల్ని బిగించుకోవాలి. మా గాయనిది ఐదున్నర.

"గది ఆమెది. నీదెంత?"

వెనక్కి లెక్క వేసుకున్నాను. చదువుకునేటప్పుడు ఆవిడ శ్రుతి, తర్వాత ఎవరు పిలిస్తే వాళ్ళ శ్రుతి, ఇన్నేళ్ళుగా మా గాయని శ్రుతి. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేటప్పుడు కూడా తీగలు బిగించే బిరడాలు ఐదున్నర దగ్గరే ఉంటాయి. దించాలని ఎప్పుడూ తోచలేదు. ఎందుకు తోస్తుంది? పాడేవాళ్ళెవరూ లేనప్పుడు నేనెవరికి దించాలి?

"నువ్వు పిల్లను పండవెట్టేది మూడుల. పెట్టెతోని చూసిన, పిసరంత గూడ తేడా లేదు. దానికి పుట్టినకాడికెళ్ళి అమ్మంటే మూడు. నువ్వు డబ్బ తీస్తవు, దాన్ని ఒడిలకెళ్ళి దించుతవు, ఎవలో పరాయామె గొంతు తీసుకొచ్చి ఆ ఒడిల కూసోవెడ్తవు. ఏడ్వదా?"

"టీచర్‌గారూ, మీ పిల్లలు ఏడవలేదా?"

"ఏడ్చిండ్రు. నేను గూడ ఇట్లనే తీగలు దించిన. నాకెవ్వలు చెప్పలే, పెద్దోడు ఏడ్సి ఏడ్సి చెప్పిండు. ఇగ కచేరి ఉన్న దినం ఎక్కించుకుంటుంటి. తీగలు తెగుతయి. తెగనీ."

తీగలు నాలుగూ దించాను. అలా వదులైన తీగల మీద కమాను పెట్టాలంటే ఏదోలా ఉంది, పాత మంచం మీద కూర్చున్నట్టు. మా వాయింపులో నేల మీద కూర్చుని, కుడికాలు కొంచెం ముందుకు చాపి, వయొలిన్ తలను ఆ చీలమండ మీద ఆనిస్తాం. పాపను తీసిన చోటే అది. పెట్టె చూడగానే నిత్య పెదవి విరిచింది. నేను నీలాంబరి మొదలుపెట్టాను.

ఏడ్చింది. అబద్ధం చెప్పను, ఏడ్చింది. కాని ఎప్పుడూ ఏడ్చే ఏడుపు కాదు, మధ్యలో ఆగి వింటూ ఏడ్చే ఏడుపు. మహానంద ఒళ్ళోంచి నన్ను చూసింది, వయొలిన్‌ను చూసింది. మళ్ళీ కాస్త ఏడ్చింది. తర్వాత ఎక్కిళ్ళు. తర్వాత మహానంద గాజులు లాగడంలో పడింది.

నేను వాయిస్తూనే ఉన్నాను. ఆపితే ఎక్కడ చెదురుతుందోనని భయం. చివరికి గిరిజమ్మగారే కన్నడం కలిపి, "సాకు, సాకు, ఇగ చాలు. రేపటికి జర మిగిల్చుకో" అన్నారు.

"రేపేముంది?"

"శ్రావణం ఆఖరి సోమవారం. మఠంల నేను పాడాలె. నువ్వు వాయించాలె."

మఠంలో

ఇక్కడ కన్నడ కుటుంబాలు శ్రావణమంతా సాయంత్రాలు మఠంలో పురాణం చెప్పించుకుంటాయి. వినేవాళ్ళు దుకాణం కట్టేసి, పిల్లల్ని చంకనెత్తుకుని వస్తారు. మా వైపు కచేరీలో పసిపిల్ల ఏడిస్తే తల్లి వంగుకుంటూ బయటికి పోతుంది. ఇక్కడ ఎవరూ లేవరు, పురాణం చెప్పే ఆయనే గొంతు పెంచుతాడు.

పాట వంతు వచ్చింది. తబలా వాయించే రాజప్ప రోజూ గిరిజమ్మగారికి పట్టే శ్రుతిలో తబలా సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"గది కాదు రాజప్పా, ఇయ్యాల మూడు."

"అయ్యో అవ్వా, నువ్వు ఒకటిన్నర గదా! నీ గొంతు అందుతదా?"

"అందకుంటే చెయ్యి చాపుత. ఇయ్యాల శ్రుతి ఈ పిల్లది."

రాజప్ప గొణుక్కుంటూ సుత్తితో తబలా అంచులు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. పాడేవాళ్ళు నా శ్రుతిలోకి రావడం నేనెన్నడూ చూడలేదు. ఒకటిన్నరలో హాయిగా పాడే మనిషి మూడులో పాడాలంటే ఎంత పైకి ఎక్కాలో నాకు తెలుసు.

ఎక్కారు. పైస్థాయిలో గొంతు రెండుసార్లు జీరబోయింది. ఆవిడ ఖాతరు చెయ్యలేదు. జీరబోయినచోట నేను అందుకున్నాను, ఆవిడ తలూపారు. మొదటి పాటంతా నా ఒక చెవి మహానంద పాపతో కూర్చున్న ఆడవాళ్ళ వైపే ఉంది, ఏడుపు ఎప్పుడు మొదలవుతుందా అని. రెండో పాటలో ఆ చెవి ఎప్పుడు ఇటు తిరిగిందో నాకు తెలియలేదు.

ఉన్నట్టుండి నా కాలి దగ్గర మెత్తగా ఏదో తగిలింది. నిత్య. మహానంద చేతుల్లోంచి జారి, జంపఖానా మీద పాకుతూ వచ్చేసింది. నా చీలమండ మీదున్న వయొలిన్ తల సరిగ్గా దాని ఎత్తులో ఉంది. రెండు చేతులతో ఒక బిరడా పట్టుకుని తిప్పింది. తీగ 'టొయ్' మని వదులైపోయింది.

మఠమంతా నవ్వు. గిరిజమ్మగారు ఆగలేదు. పాడుతున్న పంక్తినే మళ్ళీ మళ్ళీ తిప్పి పాడుతూ, చేత్తో 'కానియ్యి, కానియ్యి' అని సైగ చేశారు. నేను పాపను ఒళ్ళోకి లాక్కుని, ఒంటిచేత్తో తీగ బిగిస్తున్నాను. అంతలో అది, పక్కనున్న కమానుకు రాసే రోజిన్ ముద్దను నోటి దగ్గరకు తీసుకెళ్ళింది.

"అమ్మో, అది నోట్లో పెట్టుకోకే!" అని కేకేశాను, మైకులో.

ఈసారి గిరిజమ్మగారు కూడా పాట ఆపి, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. "గీ సంగతి ఏ రాగంల ఉంది బిడ్డా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మహానంద వచ్చి రోజిన్ తీసేసుకుంది గాని పాపను తీసుకోలేకపోయింది. నిత్య నా ఎడమ మోకాలికి వీపు ఆనించి గట్టిగా కూర్చుంది. తీగ సరిచేసుకుని, కమాను పెట్టాను.

ఏడవలేదు. పాట అయ్యేదాకా అక్కడే ఉంది. మధ్యలో తల వెనక్కి వాల్చి నన్ను కిందినుంచి పైకి చూసింది, పాలు తాగేటప్పుడు చూసే చూపు. అప్పుడు ఒక స్వరం తప్పాను. గిరిజమ్మగారు విన్నారు. మోకాలి మీద కొట్టలేదు, అక్కడ పాప ఉంది కాబట్టి.

తిరుగు బస్సు

పొద్దున్నే బస్సెక్కించడానికి అందరూ వచ్చారు. మహానంద రొట్టెలు కట్టిచ్చింది. గిరిజమ్మగారు ఎడమచేత్తో నిత్య బుగ్గ పుణికి, నాతో, "ఎక్కించుకునే దినం కొత్త తీగలు ఎయ్యి. పాతయి ఎక్కిస్తే మొఖం మీద తెగుతయి" అన్నారు. నేను అడగడానికొచ్చిన పెద్ద మాటకు ఆవిడ జవాబు అదే అనుకుంటాను.

జోగిపేట దగ్గర గాయని ఫోను వచ్చింది. ఒక చేత్తో పాపను, ఒక చేత్తో ఫోనునూ పట్టుకున్నాను. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. అంటే నాకు మామూలుగా, గబగబా.

"ఏమ్మా, ఏం నిర్ణయించుకున్నావు? వేరేవాళ్ళను చూడనా?"

"వద్దండీ, నేనే వస్తాను. పాపను కూడా తెస్తాను, గ్రీన్‌రూమ్‌లో మా అత్తగారు చూసుకుంటారు. ఒక్క సంగతి. ఇంట్లో సాధన మాత్రం నా శ్రుతిలోనే చేసుకుంటాను. కచేరీ ముందురోజు కొత్త తీగలు వేసి మీ శ్రుతికి ఎక్కిస్తాను."

"సరే, అలాగే రా" అన్నారు. తర్వాత ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. "ఇన్నేళ్ళ నుంచి పక్కన కూర్చుంటున్నావు, నేనెప్పుడూ అడగనేలేదు. నీ శ్రుతి ఎంతమ్మా?"

"మూడండీ," అన్నాను, బస్సులో ముందు సీట్ల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.